ఆరిపోయిన అంకె

బోర్డు మీద పదకొండో అంకె ఎర్రగా వెలిగేసరికి హైమవతి కడుగుతున్న బేసిను అక్కడే వదిలేసి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ పరుగెత్తింది. రోగి మంచం పక్కనున్న మీట నొక్కితే అంకె వెలుగుతుంది. వెళ్ళినవాళ్ళు మళ్ళీ నొక్కితే ఆరుతుంది. ఆయాల బల్ల దగ్గరా, నర్సుల గదిలోనూ, డాక్టరు గదిలోనూ ఒకేసారి. ఆరిందంటే ఎవరో వెళ్ళారని లెక్క. ఆ రైల్వే ఊళ్ళో పూరీ గేట్ దగ్గరి చిన్న నర్సింగ్ హోంలో తొంభై నాలుగులో ఈ బోర్డులు పెట్టాక కేకలు తగ్గాయి గానీ, హైమవతికి ఉన్న కాస్త నిలకడా పోయింది.

అసలు ఆవిడ కూర్చున్నదెప్పుడు గనక. ఆ ఊళ్ళోనే ఖరిదా పేటలో కాపురానికి దిగిన రోజు నుంచీ మొగుడి షిఫ్టు సైరనుకి లేవడం, అత్త పిలుపుకి ఉరకడం, నిలబడే నాలుగు ముద్దలు మింగడం. మొగుడు పోయాక ఈ ఆయా పని. సన్నటి మనిషి, పగిలిన మడమలు, కాస్త ఈడ్చే ఎడంకాలు.

ఏడో మంచం మీద రైల్వే వర్క్‌షాపులో పనిచేసే దేముడు గుండెనొప్పితో ఉన్నాడు. ఇవాళ గడిస్తే గట్టెక్కినట్టేనని డాక్టరు చెప్పాడు. అందుకే హైమవతి ఏ అంకెకి పరుగెత్తినా అటో చూపు వేస్తోంది.

"ఏటి సెల్లీ, ఇంకా కూడు తిన్నావు కాదేటి?" అంది దేముడి భార్య దాలమ్మ.

"ఈ లైట్లు తిన్నిస్తే కదప్పా."

మధ్యాహ్నం దాటాక బల్ల మీద కూర్చుని అన్నం కలిపింది. ఏడు వెలిగింది. లేవబోయింది. అంతలోనే ఆరింది. సిస్టర్ ఎమిలీ వెళ్ళుంటుందనుకుంది. డాక్టరు గదిలో కుర్చీ కిర్రుమని మళ్ళీ సద్దుమణిగింది. ఆ పూట హైమవతి కడుపునిండా తింది.

తిని వెళ్ళేసరికి దాలమ్మ మొగుడికి తువ్వాలుతో విసురుతోంది.

"సిస్టరేదప్పా?"

"ఎవులూ రాలేదు. ఆయాసంగుంది, పిలమన్నాడు. నొక్కినాను. గుమ్మంలోంచి సూస్తే నువ్వప్పుడే కూకున్నావు. పొద్దుట్నుంచి పస్తుంది, తిననీ అని ఆపేసినాను. నిద్దరోనాడులే."

హైమవతి దేముడి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. తనని కూర్చుని తిననిచ్చిన మనిషి ఈ లోకంలో ఈవిడొక్కతే. ఈవిడకేం చెప్పడం? గుండెలు బాదుకోవాలనిపించింది. బాదుకోకుండా డాక్టర్ని పిలిచింది. అంకె సంగతి డాక్టరు అడిగితే, "నేనే ఆపినాను బాబూ," అంది హైమవతి.

సాయంత్రం శవాన్ని తీసుకుపోయారు. దుప్పట్లు తీద్దామని వెళితే కిటికీలో, పళ్ళెం మూసిన స్టీలు గిన్నెలో, హైమవతి కోసం దాలమ్మ తీసి ఉంచిన రెండు వేయించిన చేపముక్కలున్నాయి.