అంచున నిలబడ్డవాళ్లు

కెమెరాలు బాగుచేసే కాశీరాం నా కెమెరా వెనక తలుపు ఊడదీసి, రీలు కూర్చునే చోట ఒక నల్ల డబ్బా బిగించి ఇచ్చాడు. అప్పటికే నాందేడ్‌లో మేడ మీది నా స్టూడియోకు వచ్చిన ప్రతి గిరాకీ "డిజిటల్ హై క్యా?" అని అడగడం, లేదంటే మెట్లు దిగిపోవడం. కొత్త కెమెరా కొనే తాహతు నాకు లేదు.

"గిప్పుడు గిది డిజిటలే జగదీశన్నా. రీలు లేదు, కడుగుడు లేదు. కంప్యూటర్‌కు తగిలిస్తే ఫొటోలు దిగుతయ్."

నమ్మాను. ఏడో తరగతితో బడి మానినవాడు నమ్మక ఏం చేస్తాడు?

దానితో పట్టిన మొదటి పని, నేను చెల్లె అని పిలిచే వసంత కూతురు ప్రవీణ పెళ్లి. వసంత భర్త రైల్వేలో చేస్తూ చనిపోతే ఆ నౌకరీ ఆమెకిచ్చారు. పెళ్లికొడుకు ఊరు కిన్వట్. మంగళ్ కార్యాలయ్ అనే పెళ్లి హాలులో వసంత మరిది అనంతరాములు నా కెమెరా లాక్కుని తిప్పి తిప్పి చూశాడు.

"ఏందే ఇది? డిజిటల్ అంటివి, ఎనక ఫొటో కనవడే చిన్న టీవీ ఏది?"

"ఇది వేరే రకం."

"వేరే రకమా, ఖరాబైన రకమా?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాకూ తెలియదని ఎవరికి చెప్పుకోను?

ప్రతి గ్రూపు ఫొటోకూ వసంత అంచుకు జరిగేది. భర్త లేని మనిషి పెళ్లిలో నడుమ నిలబడదు. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆమే జరుగుతుంది. కెమెరాకు కన్ను ఆనిస్తే అద్దంలో కుడివైపు చివర, నీలి కొంగుతో సహా ఆమె కనబడేది. చూసుకునే నొక్కాను. ప్రతిసారీ.

కంప్యూటర్‌లోకి ఫొటోలు దిగాయి. ఒక్కదాంట్లోనూ వసంత లేదు. పెళ్లికొడుకు, ప్రవీణ, పక్కన ఒకరిద్దరు, అంతే. అంచుల్లో నిలబడ్డవాళ్లంతా మాయం. ఒక ఫొటోలో మాత్రం నీలి కొంగు ముక్క.

కాశీరాం దగ్గరికి పరుగెత్తాను.

"రీలు ఇంత ఉంటది," అని రెండు వేళ్లు చాచాడు. "డబ్బాల ఉన్న చిప్పు గోరంత. నడిమిదే పడ్తది. జెర ఎనకకు జరిగి తియ్యాలె."

"మరి అద్దంల అందరు కనవడుతున్నరు గదరా!"

"అద్దం పాతదే గదన్నా. దాన్నెవడు మార్చిండు?"

"ముందుగాల చెప్పొద్దా?"

"నువ్వడిగినవా?"

అంటే కన్ను పెట్టే అద్దం చూసేదొకటి, లోపలి డబ్బా చూసేది ఇంకొకటి. మరి ఈ రెంటిలో నా కెమెరా ఏది?

ఫొటోలు తీసుకుని వసంత వాళ్ల రైల్వే క్వార్టరుకు వెళ్లాను. పెళ్లయ్యాక మొదటిసారి వచ్చిన ప్రవీణ కూడా ఉంది. వసంత ఫొటోలన్నీ చూసింది, మళ్లీ మొదటి నుంచి చూసింది. తిడితే బాగుండేది.

"నేను లేనా అన్నా? బిడ్డ పక్కపొంటి ఒక్క ఫొటో ఉంటే చాలనుకున్న."

"ఉన్నవు చెల్లె. అద్దంల నా కండ్లతోని సూసిన."

"సూస్తివి. మరి ఏడికి వోయిన?"

ఫొటోలు మళ్లీ కవర్లో సర్దసాగాను.

"కాకా, ఇప్పుడు తియ్యుండ్రి, నన్నూ అమ్మనూ కలిపి," అంది ప్రవీణ. "రేపు కిన్వట్ బండెక్కుత. మళ్ల ఎన్నడొస్తనో."

బయట తీద్దామంటే వసంత ఒప్పుకోలేదు. చుట్టుపక్కల వాళ్లు చూస్తారట. ఉన్నది ఒకటే గది. వెనక్కి జరిగితే గోడ వీపుకు తగిలింది.

"నడుమకు రా చెల్లె."

అర అడుగు వచ్చింది. నేను కన్ను పెట్టేలోపు మళ్లీ అంచుకు పోయింది.

"ఇంకా లోపలికి."

"సిగ్గయితుందన్నా."

"ఎవ్వలున్నరే ఇక్కడ, తిట్టనీకి?" అని ప్రవీణ తల్లి రెట్ట పట్టి లాగింది. "ఇంకా, ఇంకా," అంటూనే ఉన్నాను. చివరికి నడుమ ఎక్కడుందో నాకే తెలియలేదు. నొక్కాను.

"వచ్చిన్నా నేను?" అంది వసంత.

"తెల్వది. కంప్యూటర్ల సూడాలె."

ఇద్దరూ నాతో స్టేషన్ ముందున్న కంప్యూటర్ దుకాణానికి వచ్చారు. ఫొటో తెరుచుకుంది. సరిగ్గా నడుమ వసంత, నిండుగా. పక్కన ప్రవీణకు ఒక చెవి, ఒక జుంకా, సగం బుగ్గ.

"ఇంకోటి తీస్త చెల్లె."

వసంత వినలేదు. తెర మీద తన ముఖం దగ్గర వేలు పెట్టింది.

"నాకు గిదే గావాలె. పెద్దగ చేపియ్యి."

"బిడ్డ సగమే ఉన్నది గద చెల్లె!"

"దాని ఫొటోలు గన్ని ఉన్నయ్ గద."

తల్లీకూతుళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. సగం బిడ్డ ఉన్న ఫొటోకు ఇంత సంబరమేమిటో నాకు అర్థం కాలేదు. కెమెరా ఎత్తి కన్ను ఆనించాను. అద్దంలో ఇద్దరూ నిండుగా ఉన్నారు.

లోపలి డబ్బా ఎవరిని వదిలేస్తుందో తెలియక నొక్కడానికి వేలు రాలేదు.