కప్పకు పట్టని వాసన

సమ్మె ఇరవై నాలుగో రోజుకు చేరేసరికి సరూర్‌నగర్ పాత ఊళ్లో అందరికీ ఒకే రకం నడక వచ్చింది, కాళ్లీడ్చే నడక. బస్సులు లేవు. కరెంటు వచ్చినప్పుడే వచ్చినట్టు. తెలంగాణ కావాలన్నవాళ్లూ అలసిపోయారు, వద్దన్నవాళ్లూ అలసిపోయారు. ఏదీ పైకి అనకుండా నోరు కట్టుకున్నవాళ్లు అందరికంటే ఎక్కువ అలసిపోయారు. గంగాధరరావు ఆ మూడో రకం.

ఆయనది గుడివాడ పక్క పల్లె. ఎల్బీనగర్‌లో మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు చేసే షెడ్డులో పద్దెనిమిదేళ్లుగా అచ్చులు పోస్తున్నాడు. కరెంటు కోతలతో షెడ్డు మూతపడ్డాక, మిగిలిపోయిన ఒక డబ్బా ‘పాలు’ ఇంటికి తెచ్చుకున్నాడు. అది కరిగించే ప్లాస్టిక్. తెల్లగా ఉంటుంది గనుక పనివాళ్లు పాలనే అంటారు. కాస్తే ముందు ముద్దవుతుంది, తర్వాత తేనెలా జారుతుంది, అచ్చులో చల్లారితే రబ్బరులా సాగుతుంది. దాంతో బొటనవేలంత కప్పలు పోస్తున్నాడు. ఆదివారాలు గాలాలు పట్టుకుని సాగర్‌కు వెళ్లే సరదా మనుషులు కొందరు చేసిపెట్టమన్నారు. కొరమేను కప్పను చూసి వచ్చి కరుస్తుంది. కానీ ప్లాస్టిక్ అని తెలియగానే ఊసేస్తుంది. కాసేపు నోట్లోనే ఉంచుకోవాలంటే కప్పకు తిండి వాసన పట్టించాలి.

ఆ వాసన పట్టించబోయే ఉన్న ఇల్లు పోగొట్టుకునేట్టు అయింది.

ఎండు రొయ్యల పొడి, వెల్లుల్లి, సోంపు గింజలు నూనెలో వేయించి, ఆ నూనెను స్టవ్ మీద కాగుతున్న పాలలో పోసేవాడు. భార్య వేదవతి పప్పులోకి ఇంగువ పోపు పెట్టడం రోజూ చూస్తున్నవాడే కదా, ఎంత కాగితే అంత వాసన అనుకున్నాడు. చుయ్‌మని పొగ లేచేది. అది మెట్లు దిగి, కింద వాటాలో ఉండే ఇంటివాళ్ల దుప్పట్లలోకి, బీరువాలోకి, దేవుడి గూట్లోకి కూడా దూరేది.

పది రోజులు ఓర్చుకుని ఆ సాయంత్రం ఇంటాయన మట్టయ్య పైకి వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. పొద్దంతా దిల్‌సుఖ్‌నగర్‌లో సమ్మె టెంటు కింద కూర్చుని నడిచొచ్చాడు. లోపలికి రాలేదు, గడప బయటే నిలబడ్డాడు.

“సార్, ఒకటో తారీఖుకు ఇల్లు ఖాళీ చేయుండ్రి.”

గంగాధరరావు స్టవ్ ఆర్పి లేచాడు. తొమ్మిదేళ్లుగా ఉంటున్న ఇల్లు.

“మేం ఆంధ్రావాళ్లమనేగా, మట్టయ్య గారూ?”

“అరె, గా ముచ్చట ఎవరన్నరు? వాసన సార్, వాసన! తలకాయ పలుగుతుంది. పెరుగన్నం తింటుంటే గూడ ఎండు రొయ్యల కంపు.”

“తొమ్మిదేళ్లలో లేని ఇబ్బంది ఈ నెలలోనే వచ్చిందాండీ?” అంది వేదవతి.

“తొమ్మిదేండ్లల మీరు కప్పలు వండలేదు గదమ్మా!”

నవ్వొచ్చే మాటే గానీ ఎవరూ నవ్వలేదు. మట్టయ్య నిజమే చెబుతున్నాడని గంగాధరరావుకు సగం అనిపించింది. మిగతా సగాన్ని ఆ రోజులు నమ్మనివ్వలేదు.

ఇంతలో మట్టయ్య భార్య అండాలమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది. మొగుణ్ని తప్పించుకుని లోపలికి నడిచి, పళ్లెంలోంచి ఒక కప్పను తీసి వాసన చూసింది. మళ్లీ చూసింది.

“ఏందయ్యా, దీనిల వాసనేది?”

మట్టయ్య అందుకున్నాడు. చిన్నప్పుడు తాతతో ఇక్కడి చెరువులో బతికున్న కప్పను గాలానికి గుచ్చి కొరమేన్లు పట్టిన చెయ్యి అది. “ఉత్త చెప్పు వాసనొస్తుంది,” అన్నాడు.

గంగాధరరావు కూడా వాసన చూశాడు. పది రోజులు ఆ పొగలోనే ఉన్న ముక్కుకు అన్నిట్లోనూ రొయ్యలే. వేదవతి చూసి అడ్డంగా తలూపింది.

“మసాలా ఎప్పుడేస్తున్నవ్ అన్నా?” అండాలమ్మ అడిగింది.

“కాగేటప్పుడేనమ్మా. పోపులాగా.”

“ఓరి దేవుడో! కొత్తిమీర ఎవరన్న మసలవెడతరా? దించినంక ఎయ్యరా? వాసనంత పొగల వడి మా ఇంట్లకొచ్చె. ఇగ కప్పల ఏం మిగుల్తది?”

గిన్నెలో పాలు మళ్లీ వేడెక్కించారు. స్టవ్ ఆర్పి, బుడగలు అణిగేదాకా ఆగి, అప్పుడు చల్లారిన రొయ్యల నూనె రెండు చెంచాలు కలిపారు. పొగ లేవలేదు. చల్లారాక అచ్చు విప్పి కప్పను తీసింది మట్టయ్యే. ఎప్పుడు గడప దాటి వచ్చి కూర్చున్నాడో ఆయనకే తెలీదు.

“గిది మింగుతది,” అన్నాడు కప్పను ముక్కు దగ్గర పెట్టుకుని.

“నూనెల ముంచి డబ్బల వెట్టి గట్టిగ మూతెయ్యన్నా,” అంది అండాలమ్మ. “ఇల్లు ఇల్లులెక్క ఉంటది.”

“అయితే మమ్మల్ని ఉండమంటారా?” గంగాధరరావు మట్టయ్యనే అడిగాడు.

మట్టయ్య అరచేతులతో మొహం రుద్దుకున్నాడు.

“టెంట్ల చెప్పిన సార్. వాసనకు తట్టుకోలేక కిరాయోళ్లను ఖాళీ చేపిస్తున్న అన్న. వాసన మాట ఎవడు ఇనలే. మట్టన్న ఆంధ్రోళ్లను ఎల్లగొడుతుండని చప్పట్లు గొట్టిండ్రు. ఒగడు మెడల దండేసిండు.”

“కాదని చెప్పలేదా మీరు?”

“చెప్పబోయిన. గప్పటికే మైకు ఇంకొగలకు పోయింది.”

“రేపు పోయి చెప్పు,” అంది అండాలమ్మ. “మా ఆమె ఒప్పుకుంటలేదు అను.”

“ఇజ్జత్ పోతదే.”

“నువ్వు పొద్దంత టెంట్ల ఉంటవ్. నల్లకాడ నాతోని నిలవడేది గీ అక్క. మొన్న జ్వరమొస్తే దవాఖానకు తోల్కపోయింది గీ అన్న. నీ చప్పట్లకోసం వీళ్లను పంపితే, కొత్తగొచ్చెటోళ్లతోని నువ్వే ఉండు ఇంట్ల.”

ఓపిక ఉంటే మట్టయ్య వాదించేవాడే.

“నవ్వుతరే,” అన్నాడు చివరికి.

“నవ్వనియ్యి. ఇరవై నాలుగు దినాలాయె వాళ్లు నవ్వక.”

మట్టయ్య గోడకు జారగిలబడ్డాడు. “ఉండుండ్రి సార్,” అన్నాడు. “పొద్దుగాల పోయి చెప్త. అమ్మా, జర చాయ్ పెడతవా?”

వేదవతి గబగబా స్టవ్ వెలిగించింది. గ్లాసు పట్టుకొచ్చేసరికి ఆయన కప్పను గుప్పిట్లో పెట్టుకునే నిద్రపోయాడు.