వెనక ఎడమ లైటు

ఇండికేటర్ వేశానని నేనంటాను. వెయ్యలేదని పాలు పోసే స్కూటరతను అంటాడు. మొన్న నేను సందులోకి కారు తిప్పుతుంటే ఎడమ పక్కనుంచి దూసుకొచ్చి తలుపుకు కొట్టుకున్నాడు. అతని మణికట్టు విరిగింది. ఇద్దరిలో ఒకడు అబద్ధమాడుతున్నాడని అమ్మగారి అల్లుడు తేల్చేశాడు. ఆ ఒకడెవడో ఆయనకు ముందే తెలుసు. ఆ ఇంటి కారు నేను పదకొండేళ్లుగా నడుపుతున్నాను. ఇండికేటర్‌లో లోపం బయటపడకపోతే ఇవాళ్టితో నా ఉద్యోగం సరి.

కార్ల రిపేరు షెడ్డులో ఎలక్ట్రీషియన్ ఫ్యూజు చూశాడు, బల్బు ఊడదీసి మళ్లీ బిగించాడు. నేను లోపల కూర్చుని ఇండికేటర్ మీట నొక్కాను. వెనక ఎడమ లైటు భేషుగ్గా వెలిగింది.

"బాగానే ఉంది కదయ్యా," అన్నాడు అల్లుడు. "నిన్ను చూసి భయపడి బాగుపడిందా?"

"ఇంకోసారి చూడమనండి బాబూ."

"ఎన్నిసార్లు? అది ఆరిపోయేదాకానా?"

ఎలక్ట్రీషియన్ నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మేం రాకముందే వీళ్లిద్దరూ ఫోన్లో కూడబలుక్కున్నారని నా అనుమానం. అతని చెయ్యి ఎటు పోతే నా కళ్లు అటే పోయాయి.

"అన్నా, ఆ రోజు బండిలో ఎవరెవరున్నారు?" అన్నాడతను.

"నేను, వెనక అమ్మగారు."

"మరి అమ్మగారిని ఎక్కించకుండా చూస్తే ఏం తెలుస్తుంది?"

బెంచీ మీదున్న అమ్మగారు విసుక్కుంటూ లేచి, వెనక సీట్లో తన చోట కూలబడ్డారు. మీట నొక్కాను. వెనక లైటు వెలగలేదు. లోపల టిక్కుటిక్కుమనే చప్పుడు వేగం రెండింతలైంది.

"ఒక లైటు పోతే ఇలాగే గబగబా కొట్టుకుంటుంది," అంటూ అతను అమ్మగారిని దింపి సీటు ఎత్తాడు. క్లిప్పు ఊడిన వైరు ఇనప చట్రం కింద నలిగి లోపల తెగి ఉంది. మనిషి కూర్చుంటే విడిపోతోంది, లేస్తే కలుస్తోంది.

"చూశారా బాబూ! వేశానా లేదా?" నా గొంతు షెడ్డంతా వినపడింది.

అల్లుడి మొహం మాడింది. అమ్మగారు మాత్రం నవ్వారు.

"ఈ చప్పుడా? ఆ ప్రమాదానికి వారం ముందునుంచీ వింటున్నా. మన డ్రైవరుకు తొందరెక్కువ కదా, కారుక్కూడా అదే అంటుకుందనుకున్నా."

ఆవిడ తప్ప ఎవరూ నవ్వలేదు.

"ఆ చప్పుడుకు అర్థమేంటో నీకు తెలీదా?" అల్లుడు నన్ను నెమ్మదిగా అడిగాడు.

తెలీదనొచ్చు. పదకొండేళ్ల డ్రైవరు అలా అంటే ఎవడు నమ్ముతాడు?

"తెలుసు. ఆ మధ్య క్లచ్చు పోయిందని చెబితే మీరేమన్నారు బాబూ? మెకానిక్ దగ్గర కమీషన్ తింటున్నానన్నారు. ఈ చప్పుడు విని, ఇంటికెళ్లి అమ్మగారు దిగాక చూస్తే లైటు వెలుగుతోంది. వెలిగే లైటుకు రిపేరంటే ఇంకేమనేవారు?"

"ఆయన ఓ మాటంటాడని, ఇంకొకడి చెయ్యి విరగ్గొట్టావా?" అన్నారు అమ్మగారు. "నాతో చెప్పొచ్చుగా. నీ వెనకే ఉన్నాగా."

ఆవిడనూ నేను నమ్మలేదు. ఎంతైనా అల్లుడి వైపే అనుకున్నాను.

ఎలక్ట్రీషియన్ వైరు కలిపి టేపు చుట్టాడు. అల్లుడు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"ముందు ఆ పాలతని ఇంటికి పోనీ," అన్నారు అమ్మగారు. "అతను చెప్పింది నిజమేనని చెప్పాలి."

నన్ను ఎక్కమనలేదు. షెడ్డు దాటి కారు ఎడమకు తిరిగింది. అమ్మగారు తన చోటే కూర్చున్నారు. వెనక లైటు వెలుగుతూ ఆరుతూ మలుపులో కనపడకుండా పోయింది.