మావి ఏడ పాతాలె

నా బిడ్డ పూలి రెండో కాన్పు ఏడ కావాలన్న పంచాయితి మా గుడిసెల దసరా నుంచి నడిచింది. మొదటి పిల్ల ఈడనే పుట్టి, ఈడనే పోయింది. అందుకని అల్లుడు రెడ్యా ఈసారి దవాఖానా తప్ప వేరే మాట లేదన్నడు. ఆయన సారపాక కాయితం మిల్లుల కాంట్రాక్టు కూలి.

"దవాఖానాల మావి ఏంజేస్తరు?" అని పూలి అడిగింది.

"పారేస్తరు."

"గట్లయితే నేను రాను."

మా తండాల బిడ్డ పుట్టంగనే, దాని ఎంట వచ్చే మావిని గడప పక్కన పాతుతరు. అది ఏడుంటే ఆ మనిషిది ఆ ఊరు. మొదటి పిల్లది గడప పక్కన ఉన్నది, పిల్లేమో చేను గట్టున ఉన్నది. రెండోదాని మావి గూడ ఆ గడప కాడనే ఉండాలని పూలి పట్టు.

నేను ఊకుంటనా? "మా అమ్మ నన్ను నడిచే ఎద్దు మీద కన్నది. నా మావిని గద్ద ఎత్తుకపోయి పాపికొండల మీద పడేసింది. అందుకే ఏ ఊళ్ల నాకు కాలు నిలవదు" అన్న.

"నువ్వు తండా దాటిందెప్పుడు బాపు?" అని నవ్వింది. నవ్వుకుంటనే ఏడ్సింది.

"సరే, గద్ద అబద్ధం. నీ బిడ్డ మావి నేను కుండల పెట్టుకొని తెస్త. ఇది అబద్ధం కాదు."

ఆ మాట మీదనే కదిలింది. నొప్పులు మొదలుకాంగనే మిల్లుకు పోయే వెదురు లారీల దవాఖానాకు తీసుకపోయినం.

కాన్పుల గది కాడ పనిచేసే ఆయమ్మ విశ్రాంతమ్మకు కుండ ఇచ్చి మావి అడిగిన. "ఎందుకు తాతా, వండుకుంటవా?" అన్నది.

"ఇంటికాడ పులిని కట్టేసిన. దానికి."

నవ్వుకుంట లోపలికి పోయింది. మల్ల వచ్చినప్పుడు కుండకు గుడ్డ కట్టి ఉన్నది, ఆమె మొఖంల నవ్వు లేదు. మొగపిల్లగాడట. ఊపిరి తియ్యనే లేదట.

చచ్చిన పిల్లగాన్ని బస్సుల ఎక్కించుకోరు. రెడ్యా పోయి గోదావరి ఇసుకల పాతి వచ్చిండు. కుండను ఎక్కించుకున్నరు. కండక్టర్ "ఏంది తాతా, మామిడికాయ తొక్కా?" అంటే అవ్ అన్న. గడప పక్కన పాతిన.

దవాఖానా నుంచి వచ్చినంక పూలి గడప కాడనే కూసున్నది.

"వాడు ఏడనో ఇసుకల ఉన్నడు. ఇంటికి ఎట్ల వస్తడో చెప్పు బాపు. నీకు కథలొస్తయి గదా."

"వస్తడు బిడ్డా. ఇసుక దులుపుకొని లేచిండు. రోడ్డు మీదికి వచ్చిండు. బస్సుకు చెయ్యెత్తిండు..."

"ఎక్కించుకుంటరా?" అన్నది.

నా కథ ఆ రోడ్డు మీదనే ఆగింది.