సోన్‌పేట్ మీదుగా డెబ్బై నిమిషాలు

అత్త పోయిన రోజు పొద్దున నేను దారుల పటాన్ని సగంలో వదిలేసి చాయ్ పెట్టాను. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

రాజురా తాలూకాలో మాదొక ఊరు. మాతో కలిపి పన్నెండు ఊళ్ల నుంచి రాజురా ఆస్పత్రికి దగ్గరి దారి ఏదో, ఎన్ని నిమిషాలో నోటుబుక్కులో గీసి, వానాకాలంలో ఫోన్ గ్రూపులో పెడుతుంటాను. బడిలో లెక్కలు చెప్తాను. పెళ్లి కుదిరిందని ఎమ్మెస్సీలో ఆపేసిన ప్రాజెక్టు ఇదే. ఒక దారి మారితే పటమంతా మళ్లీ లెక్కగట్టనక్కర్లేదు, ఆ మార్పు తగిలిన ఊళ్లను దిద్దితే చాలు. కొత్త రోడ్డు పడితే పని సులువు. రోడ్డు తెగినప్పుడే జాగ్రత్త. దాని మీదుగా పోయే ఊళ్లన్నిటి పాత అంకెలు ముందు కొట్టేయాలి, ఆ తర్వాతే కొత్తవి వేయాలి. ఒక్క పాత అంకె మిగిలినా పక్క ఊరికి అబద్ధం చెబుతుంది.

ఆ పొద్దున వాగు వంతెన మునిగింది. మా ఊరి దగ్గర రాసున్న నలభై నిమిషాలు కొట్టేశాను. పక్క ఊరు సోన్‌పేట్ యాభై ఐదు కొట్టేయబోతుంటే మా ఆయన సంజీవ్ ముందుగదిలోంచి పిలిచాడు. సిమెంటు ఫ్యాక్టరీ నుంచి అతని ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు.

"మా ఆమె రోడ్లకు ఇంజినీరు సార్. ఇంట్ల చాయ్‌కే దారి దొరకది," అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

"నేను చాయ్ వెడ్త తీ బిడ్డ, నువ్వు రాస్కో," అంది అత్త. ఆమె మోకాళ్ల నొప్పులు చూసి నేనే స్టవ్ ముట్టించాను. చాయ్ తర్వాత ఉప్మా, ఆ తర్వాత సంజీవ్ డబ్బా. బడికి ఆలస్యమవుతుంటే మా ఊరికి కొత్త అంకె వేసి పంపేశాను. సోన్‌పేట్ దాకా పదిహేను, అక్కణ్ణుంచి యాభై ఐదు, మొత్తం డెబ్బై. ఆ యాభై ఐదు తిరిగి మా ఊరి మీదుగా, మునిగిన వంతెన మీదుగా పోయే పాత లెక్క.

మధ్యాహ్నం అత్తకు గుండెనొప్పి వచ్చింది. ఊరంతా పత్తి చేలల్లో ఉంది. మాజ్రి నుంచి కొత్తగా వచ్చి జీపు నడుపుతున్న ఎల్లేష్ ఆమెను ఎక్కించుకుని, నా పటం చూసి సోన్‌పేట్ పోయాడు. రాజురా దారి మీ ఊరి మీదుగానే కదా అన్నారట అక్కడివాళ్లు. వెనక్కి వచ్చి, వంతెన తగలని అడవి దారి పట్టేసరికి ఆమె లేదు.

ఆ సాయంత్రం గ్రూపులోంచి నా మెసేజీ తీసేశాను.

పదో రోజు సంజీవ్ అందరి ముందు ఎల్లేష్‌ను నిలబెట్టాడు. "దారి తెల్వనోనివి జీపెందుకు నడుపుతున్నవ్‌రా? మా అవ్వను ఊర్లెంబడి తిప్పి సంపినవ్."

ఎల్లేష్ ఒకసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. "తప్పైంది అన్నా," అన్నాడు.

నా చేతిలో విస్తరాకులున్నాయి. నోరు తెరిస్తే ముందుగదిలోని ఆ నవ్వు న్యాయమైపోతుందని భయపడ్డాను. చాయ్ అడిగినవాడికీ ఇందులో పాలుందని ఎన్నోసార్లు అనుకున్నాను. ఉందేమో. కానీ లెక్క పూర్తి కాలేదని ఒక్క మాట రాయకుండా పంపింది నేను. దాన్ని చెరిపేసిందీ నేనే.

పటం మళ్లీ మొదటినుంచి వేశాను. పన్నెండు ఊళ్లూ సరిగ్గా ఉన్నాయి. ఎల్లేష్ జీపు ఇప్పుడు మా ఊళ్లో ఎవరూ ఎక్కడం లేదు. అతని తప్పు లేదని నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు.