లైనింగు గుడ్డ తగువు

కోపమొస్తే నాకు ముందూ వెనకా కనపడదు. ఆ మంగళవారం లైనింగు గుడ్డ దగ్గర వచ్చింది.

నాది కుట్టు దుకాణం. కటింగ్ బల్ల కింద ఒక పాత కంప్యూటరు పెట్టి, దర్జీలు మాట్లాడుకోవడానికి చిన్న సర్వరు నడుపుతున్నాను. బొత్తాలమ్మే ఆయన కూడా అలాంటిదే ఒకటి నడుపుతాడు. నేనో ఫొటో పెడితే దాని కాపీ ఆయన సర్వరుకీ పోతుంది. మా మాటలేవీ పెద్ద కంపెనీల చేతిలో పడవని మాకు మహా గర్వం.

ఆ మధ్యాహ్నం ఆయన “లైనింగు గుడ్డ తడపకుండానే కొయ్యొచ్చు” అని రాశాడు. తడపకుండా కోస్తే మొదటి ఉతుక్కే ముడుచుకుపోతుందని ఈ పనిలో పసిపిల్లకైనా తెలుసు. నేనొకటంటే ఆయన రెండన్నాడు. చివరికి “నోటికి కాజా కుట్టుకోమ్మా” అన్నాడు. అంతే, ఆయన సర్వరుతో సంబంధం పుటుక్కున తెంపేశాను.

సాయంత్రం మా కాజాలు కుట్టే అమ్మాయి వచ్చి నిలబడింది. పొద్దున నేను పెట్టిన కోటు ఫొటోలో, వెనక అద్దంలో, తన ముఖం పడింది. చంపుతానన్న మొగుడి నుంచి పారిపోయి వచ్చిన పిల్ల. వెంటనే ఫొటో తీసేశాను. ఇక్కడ తీసేస్తే మిగతా సర్వర్లన్నిటికీ “మీరూ తీసేయండి” అని కబురు వెళ్తుంది. హమ్మయ్య అనుకున్నాం.

గురువారం ఆ పిల్ల ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఫొటో బొత్తాలాయన సర్వరులో అలాగే ఉంది.

“మా ఆడపడుచు ఆయన దగ్గరే కొంటుందక్కా. శుక్రవారం కొత్త సరుకు ఫొటోలు పెడతాడు. ఆ రోజు అక్కడున్నవన్నీ తిరగేస్తుంది.”

సంబంధం తెంపింది నేనే. ఇక కబురు ఆయనకెలా చేరుతుంది? ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టాను. ఆ ఇల్లు కూడా నాది కాదు, ఈ పిల్లది. తెంపింది మళ్ళీ కలిపాను కానీ, అందకుండా పోయిన కబురు తిరిగి వెళ్ళదు. ఆయనే చేత్తో తీసేయాలి.

ఫోన్ చేశాను. “అన్నయ్యా” అన్నాను, ఇన్నేళ్ళలో మొదటిసారి.

“ఎందుకు తీయాలమ్మా?”

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

“అడక్కండి. మీకు పుణ్యముంటుంది.”

“సరే. తడపక్కర్లేదని అందరి ముందూ రాయి. తీసేస్తాను.”

ముప్పై ఏళ్ళుగా కత్తెర పట్టిన చెయ్యి. రాశాను: “ఆయన చెప్పిందే నిజం. తడపక్కర్లేదు.” ఏడుపొచ్చింది, దాచడమెందుకు. ఆయన మాత్రం మాట తప్పలేదు, అయిదు నిమిషాల్లో ఫొటో పోయింది.

శుక్రవారమంతా దర్జీలు నన్ను ఆడుకున్నారు. “పెద్దక్కా, రేపట్నించి దారం కూడా అక్కర్లేదా?” అన్నాడొకడు. కిక్కురుమనకుండా చదువుకున్నాను. సాయంత్రం ఇంకొకటి వచ్చింది: “ఇన్నాళ్ళకి ఈవిడ పొగరు దిగింది.”

కాజాల అమ్మాయి నా భుజం మీదుగా ఆ పేరు చూసి, దాని మీద వేలు పెట్టింది.

“అక్కా, ఇది మా ఆడపడుచే.”

వచ్చింది. అన్నీ తిరగేసింది. నా పరువు తప్ప ఆవిడకేమీ దొరకలేదు.

ఆ మాటకి మొదటి లైకు నేనే కొట్టాను.