మళ్లీ వచ్చిన పాత అడ్రసు

ఉదయం పదకొండు గంటలకు ఆమె ల్యాప్‌టాప్ లైబ్రరీ వైఫైకి కనెక్టయింది, పాత అడ్రసుతోనే. ఆ సంగతి ఆమెకు తెలియదు.

భర్తను వదిలి అక్క ఇంటికి వచ్చి నెల దాటింది. అక్కవాళ్లు ఈమధ్యే ఊరు మారారు, ఏ ఊళ్లో ఉన్నారో అతనికి తెలియదు. అతను వైఫై కంపెనీలో సూపర్‌వైజరు. చాలా ఊళ్ల లైబ్రరీల కనెక్షన్లు అతని స్క్రీన్ మీదే కనబడతాయి. ప్రతి కంప్యూటర్‌కూ నెట్‌వర్క్ గుర్తుపట్టే హార్డ్‌వేర్ అడ్రసు ఒకటి ఉంటుంది. ఆమె ల్యాప్‌టాప్‌ది అతని దగ్గరుంది. "ఎక్కడ తెరిచినా నాకు తెలిసిపోతుంది" అని ఒకసారి అన్నాడు కూడా.

ఆన్‌లైన్ ఉద్యోగ ఇంటర్వ్యూకి నమోదైంది ఆ ల్యాప్‌టాపే, వేరేది పనికిరాదు. ఇంట్లో నెట్ లేదు, లైబ్రరీకే వెళ్లాలి. కంప్యూటర్లు రిపేరు చేసే బావ పొద్దున్నే షాపులో కూర్చుని దాని అడ్రసు మార్చాడు.

"అయిపోయింది. ఇక మీ ఆయన ఎదురుపడ్డా దీన్ని పోల్చుకోలేడు."

"మీరు మనుషుల్ని పోల్చుకోండి చాలు బావా. అక్క జుట్టు కత్తిరించుకున్న రోజు, ఎవరు కావాలండీ అని అడిగారట."

"మీ అక్క నోట్లో నువ్వుగింజ నానదు" అంటూ ల్యాప్‌టాప్ ఆపి, మళ్లీ ఆన్ చేసి చేతికిచ్చాడు. ఏ మిషన్‌నైనా అలా ఆపి, మళ్లీ వేసి చూపించందే ఆయన గడప దాటనివ్వడు.

ఆమె వెళ్లాక బావకు అనుమానం పీకింది. షాపు కంప్యూటర్ మీద అదే మార్పు చేసి, ఆపి మళ్లీ వేశాడు. పాత అడ్రసు కనబడింది.

ఫోన్ చేశాడు. స్విచాఫ్. షాపు తెరిచే వదిలేసి లైబ్రరీకి పరిగెత్తాడు.

ఆమె మూల బల్ల దగ్గర, తెర మీది ముగ్గురికి జవాబు చెబుతోంది. బావ కెమెరాకు అందకుండా నిలబడి, అరచేతిలో పెన్నుతో రాసి చూపించాడు: "ఆపి మళ్లీ వేస్తే మార్పు పోయింది. కనబడుతున్నావు."

ఆమె చదివింది. జవాబు పూర్తి చేసింది. తర్వాతి ప్రశ్నకూ చెప్పింది.

ఇంటర్వ్యూ అయ్యేసరికి కౌంటర్ మీది ఫోన్ మోగుతోంది. లైబ్రేరియన్ ఎత్తింది.

"మూలనున్న వైఫై బాక్సు దగ్గరా? ఎవరు కూర్చున్నారో ఫోన్లో చెప్పమండీ. మీ పేరేంటి?"

అవతల పెట్టేశారు.

సాయంత్రం బస్సులో ఆమె, అక్క వెళ్లిపోయారు. మర్నాడు లైబ్రరీ తెరిచేసరికి ఆమె భర్త మెట్ల మీద నిలబడి ఉన్నాడు.